నేల విడవని అవతారం

ఆ విమానం ఎగరలేదు. కూలనూ లేదు. దాని శకలాలు ఏ పొలంలోనూ పడలేదు, దాని పేరిట ఏ విచారణ సంఘమూ కూర్చోలేదు. హైదరాబాద్‌లో ఊపిరి పోసుకుని, కాగితం మీదే పెరిగి, కాగితం మీదే ముసలిదై, ఎప్పుడు పోయిందో ఎవరూ తేదీ చెప్పలేని విధంగా పోయింది. దాని పేరు అవతార్. మామూలు విమానంలా రన్‌వే మీద పరుగెత్తి లేచి, గాలిని పీల్చుకుంటూ పైపైకి వెళ్లి, గాలి పలచబడిన చోట రాకెట్‌గా మారి, భూకక్ష్యను అందుకుని, పని ముగించుకుని మళ్లీ రన్‌వే మీదే దిగాల్సిన వ్యోమవిమానం అది. కథ ముగింపు ముందే చెప్పేశాను. ఇక మిగిలింది, అది బతికి బట్టకట్టగలిగిన మలుపులు ఎక్కడెక్కడ ఉన్నాయో వెతుక్కుంటూ, ఒక్కో మలుపు దగ్గర కాసేపు ఆగి వగచడమే.

ఇప్పుడెందుకీ వగపు అని అడగవచ్చు. రంగారెడ్డి జిల్లా ఇబ్రహీంపట్నం వైపు, ఔటర్ రింగ్ రోడ్డు దిగి ఆదిభట్లలోకి అడుగుపెడితే జవాబు దొరుకుతుంది. ఒకప్పుడు జొన్నా కందీ ఆముదమూ పండి, వాన కోసం ఆకాశంకేసి చూసిన ఆ నేల మీద నేడు విమానాల ఒళ్లు తయారవుతోంది. యుద్ధ హెలికాప్టర్ల దేహాలు, రవాణా విమానాల తోకలు, ఫైటర్ల రెక్కలు అక్కడ రూపుదిద్దుకుంటున్నాయి. ఆకాశంలోకి వెళ్లే వస్తువును చేత్తో చేయడం తెలిసిన ఊరు ఇవాళ మనకుంది. అవతార్‌ను కలగన్న క్షిపణి శాస్త్రజ్ఞుల నెలవు కంచన్‌బాగ్ అక్కడికి ఎంతో దూరం లేదు. దూరమంతా కాలంలోనే ఉంది. కల కన్నవారి రోజుల్లో ఆ చేతులు లేవు. చేతులు వచ్చేసరికి కల చెదిరిపోయింది.

ముందు ఆ విమానాన్ని ఒకసారి ఎగరనిద్దాం. అది ఎన్నడూ చూడని ఉదయాన్ని దానికి ఇద్దాం.

తెల్లవారుజామున రన్‌వే చివర నిలబడి ఉంది. మొత్తం బరువు 25 టన్నులు. అందులో 60 శాతం, అంటే 15 టన్నులు, ద్రవ హైడ్రోజన్. సున్నాకు దిగువన 253 డిగ్రీల చలిలో ఉండే ఇంధనమది. ఆ చలికి చుట్టుపక్కల గాలిలోని తేమ తెల్లని పొగలా కమ్ముకుంటోంది. గాలినీ హైడ్రోజన్‌నూ కలిపి మండించే టర్బో రామ్‌జెట్ ఇంజిన్లు గొంతెత్తాయి. విమానం కదిలింది. ఏ విమానమైనా లేచినట్టే లేచింది. ప్రయోగ వేదిక లేదు, ఆకాశాన్నంటే ఇనుప గోపురం లేదు, రాలిపడే అంచెలు లేవు.

ఎత్తుకు వెళ్లాక, ధ్వని వేగానికి నాలుగు రెట్లు దాటాక, స్క్రామ్‌జెట్ అందుకుంటుంది. ఈ ఇంజిన్‌లోకి దూసుకొచ్చే గాలి లోపల కూడా ధ్వనిని మించిన వేగంతోనే పోతుంది. ఒక్కో గాలి రేణువు ఇంజిన్‌లో ఉండేది సెకనులో వెయ్యో వంతు కాలం. ఆ లిప్తపాటులోనే హైడ్రోజన్ గాలిలో కలవాలి, అంటుకోవాలి, మండాలి, తోపుడుశక్తి ఇవ్వాలి. అలా ధ్వనికి ఎనిమిది రెట్ల దాకా వేగం పెరగాలి.

ఇక్కడే ఈ ఊహలోని అపురూపమైన ఘట్టం వస్తుంది. మామూలు రాకెట్ ఎందుకంత లావు? తాను మండించుకునే ఆక్సిజన్‌ను నేల మీది నుంచే మోసుకెళ్తుంది కాబట్టి. హైడ్రోజన్‌తో నడిచే రాకెట్‌లో ఇంధనానికి దాదాపు ఆరు రెట్ల బరువు ఆక్సిజన్‌దే. మన పీఎస్‌ఎల్‌వీ శ్రీహరికోట నుంచి లేచేటప్పుడు 320 టన్నులు తూగుతుంది. కక్ష్యకు చేర్చే ఉపగ్రహం రెండు టన్నులైనా ఉండదు. మిగతాదంతా మండిపోయేది, రాలిపోయేది. అవతార్ రూపకర్తలు వేరే దారి చూశారు. దారి పొడవునా గాలి ఉండగా ఆక్సిజన్‌ను నేల నుంచి మోయడం దేనికి? ఎగురుతూనే గాలిని పట్టాలి. తన దగ్గరున్న హైడ్రోజన్ చలితోనే దాన్ని చల్లార్చాలి. ఆక్సిజన్ మైనస్ 183 డిగ్రీల దగ్గర ద్రవమవుతుంది, నైట్రోజన్‌కు మైనస్ 196 కావాలి. ఆ పదమూడు డిగ్రీల తేడాను పట్టుకుని రెంటినీ వేరుచేసి, నైట్రోజన్‌ను వదిలేసి, ఆక్సిజన్‌ను తొట్టెలో దాచుకోవాలి. ఇంధనం ఖర్చయ్యేకొద్దీ తేలికయ్యే విమానాలనే మనం చూశాం. ఇది ఎగిరేకొద్దీ బరువెక్కే విమానం. తొట్టె నిండాక, గాలి ఇక చాలనప్పుడు, రాకెట్ ఇంజిన్ వెలుగుతుంది. ఆకాశం నలుపెక్కుతుంది. 500 నుంచి 1,000 కిలోల బరువును దిగువ కక్ష్యలో దించి, వాతావరణంలోకి తిరిగి చొచ్చుకుని, రన్‌వే మీద చక్రాలు మోపుతుంది. ఒకసారి కాదు, నూరుసార్లు.

నూరుసార్లు వెళ్లి రావాలనుకున్నది ఒక్కసారీ వెళ్లలేదు.

ఈ ఊహకు మూలపురుషుడు ఎయిర్ కమడోర్ రాఘవన్ గోపాలస్వామి. వైమానిక దళం మనిషి, తర్వాతి కాలంలో హైదరాబాద్‌లోని క్షిపణుల తయారీ సంస్థ భారత్ డైనమిక్స్‌కు అధిపతిగా పనిచేసినవారు. 1988 అక్టోబరులో బెంగళూరులో అంతర్జాతీయ వ్యోమయాన సమాఖ్య మహాసభ జరిగింది. అక్కడ ఆయనా సహచరులూ హైపర్‌ప్లేన్ పేరుతో, ఒకే అంచెలో కక్ష్యను చేరే వాహనం గురించి పరిశోధన పత్రం సమర్పించారు. అవతార్‌కు అది పూర్వజన్మ.

ఆ నాటి మన స్థితిని తలచుకుంటే వాళ్ల ధైర్యానికి చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది. ఆ మహాసభకు మూడు నెలల ముందే, జులైలో, ఇస్రో రాకెట్ ఏఎస్‌ఎల్‌వీ రెండో ప్రయోగం సముద్రం పాలైంది. అంతకుముందు ఏడాది మొదటిదీ అంతే. నూటయాభై కిలోల ఉపగ్రహాన్ని పైకి పంపలేక ఇస్రో తల్లడిల్లుతున్న రోజులవి. పృథ్వి క్షిపణి తొలిసారి ఎగిరి ఎనిమిది నెలలే అయింది. అబ్దుల్ కలాం నడిపిస్తున్న క్షిపణి ప్రయోగశాల డీఆర్‌డీఎల్‌లో రాత్రింబవళ్లు దీపాలు ఆరేవి కావు. అలాంటి వేళ హైదరాబాద్ నుంచి కొందరు బయల్దేరి, అంచెలు లేని వ్యోమవిమానం గురించి ప్రపంచం ముందు నిలబడి మాట్లాడారు.

ప్రపంచం కూడా ఆ కలలోనే ఉంది మరి. ఆ సెప్టెంబరు చివర్లో అమెరికా షటిల్, ఛాలెంజర్ దుర్ఘటన తర్వాత తొలిసారి, మళ్లీ ఎగిరింది. నవంబరు 15న సోవియట్ల బురాన్ మనిషి లేకుండా భూమిని రెండుసార్లు చుట్టి తనంతట తానే దిగింది. అమెరికా ఎక్స్-30 అనే వ్యోమవిమానం కోసం పనిచేస్తోంది. అయితే అదే ఏడాది బ్రిటన్ ప్రభుత్వం తన హోటోల్ విమానానికి డబ్బు ఆపేసింది. ఆ చావుగంట అప్పుడెవరికీ గట్టిగా వినబడలేదు. ఎక్స్-30 1993లో ఆగిపోయింది. బురాన్ మళ్లీ ఎగరనే లేదు. 2002 మే నెలలో బైకనూర్‌లో హ్యాంగర్ పైకప్పు కూలి దాని మీద పడింది. ఎనిమిదిమంది కార్మికుల ప్రాణాలతో పాటు ఆ నౌకా పోయింది. అంతకు ఎంతో ముందు, 1963 డిసెంబరులో, అంతరిక్ష యుద్ధ విమానమవుతుందనుకున్న అమెరికా డైనా-సోర్‌నూ కట్టడం పూర్తికాకుండానే ఆపేశారు. రెక్కలతో అంతరిక్షానికి వెళ్లాలన్న కోరికకు ఏ దేశంలోనూ దీర్ఘాయుష్షు లేదు. మన బిడ్డ పుట్టింది ఆ జాతకంతోనే.

మొదటి మలుపు ఇక్కడే ఉంది. 1988 పత్రం వచ్చిన తర్వాత, ఆ విమానం మొత్తం కట్టమని ఎవరూ అడగనక్కరలేదు. గాలిని పట్టి, చల్లార్చి, ఆక్సిజన్ వేరుచేసే ఆ ఒక్క భాగాన్ని నేల మీద బల్లకు బిగించి పరీక్షించే పనిని జాతీయ కార్యక్రమంగా మంజూరు చేసి, ఏళ్ల తరబడి సాగనిచ్చి ఉంటే! అది చేతనవుతుందో కాదో తేలిపోయేది. చేతనైతే ప్రపంచం మనవైపు తిరిగేది. కాకపోయినా, ఎందుకు కాలేదో తెలిసిన ఇంజినీర్లు ఒక తరం మిగిలేవారు. హైపర్‌ప్లేన్ అధ్యయనంగా మొదలై, అధ్యయనంగానే సాగింది. నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

పదేళ్లు గడిచాయి. 1998లో ఆ ఊహ చిన్నదై, చురుకై, అవతార్ అనే కొత్త పేరుతో బయటికొచ్చింది. వచ్చిన ఏడాది చూడండి. ఆ మే నెలలోనే పోఖ్రాన్‌లో అణుపరీక్షలు జరిగాయి. ఆ వెంటే ఆంక్షలు వచ్చాయి. నవంబరులో అమెరికా విడుదల చేసిన నిషేధ జాబితాలో మన రక్షణ ప్రయోగశాలలు, అంతరిక్ష కేంద్రాలు, భారత్ డైనమిక్స్ కూడా ఉన్నాయి. ప్రత్యేక లోహం కావాలన్నా, కొలిచే పరికరం కావాలన్నా, అక్కడి విశ్వవిద్యాలయంతో కలిసి పనిచేయాలన్నా తలుపులు మూసుకున్నాయి. ఆ తలుపులు మూసినవారిని తప్పుపట్టి ప్రయోజనం లేదు. దేశం తన దారి తాను ఎంచుకుంది, దాని వెల తెలిసే ఎంచుకుంది. ఆ వెలలో ఓ చిన్న పద్దు ఈ విమానమని మాత్రం ఎవరూ రాసుకోలేదు.

ఇక 2001 జులై. అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీ. చోదక యంత్రాల మీద అంతర్జాతీయ సదస్సు. జులై 10న గోపాలస్వామి అక్కడ అవతార్‌ను వివరించారు. 25 టన్నుల బరువు, 15 టన్నుల హైడ్రోజన్, టన్ను వరకు సరుకు, నూరు ప్రయాణాలు. భారత్‌లో పేటెంటు తీసుకున్నామని, అమెరికా, జర్మనీ, రష్యా, చైనాల్లోనూ దరఖాస్తు చేశామని చెప్పారు. మన పత్రికలు సంబరపడ్డాయి. 

ఆ సదస్సుకు నాలుగు నెలల ముందే అమెరికా ఎక్స్-33 అనే తన వ్యోమవిమాన నమూనాను రద్దు చేసుకుంది. కారణం హైడ్రోజన్ తొట్టె. తేలిక కోసం మిశ్రమ పదార్థంతో చేసిన తొట్టె 1999 నవంబరులో పరీక్షలోనే పొరలు విడిపోయింది. వంద కోట్ల డాలర్లకు పైగా పోసిన దేశం తొట్టె దగ్గర ఓడిపోయి ఆగిన సంవత్సరంలో, హైడ్రోజనే ప్రాణంగా గల విమానాన్ని మనవాడు అదే గడ్డ మీద నిలబడి వివరించాడు. ఆ సభామందిరాన్ని తలచుకుంటే నాకు గొంతు పట్టుకుంటుంది.

ఎందుకంటే ఆ రోజుకు మనకు హైడ్రోజన్‌ను మండించే సొంత ఇంజిన్ ఒక్కటీ ఎగరలేదు. ఆ ఏప్రిల్‌లో ఎగిరిన తొలి జీఎస్‌ఎల్‌వీ రాకెట్ నెత్తిన ఉన్నది రష్యా ఇచ్చిన క్రయోజెనిక్ ఇంజిన్. అది కూడా 1993లో అమెరికా ఒత్తిడికి రష్యా సాంకేతికత ఇవ్వకుండా వెనకడుగు వేశాక, చేతికి మిగిలిన సరుకు. మన సొంత క్రయోజెనిక్ ఇంజిన్ 2010లో తొలి ప్రయాణంలోనే విఫలమై, 2014 జనవరి 5న గాని గెలవలేదు. అంటే అవతార్ అడిగిన విద్యల్లో మొట్టమొదటిది మన చేతికి రావడానికి ఇంకా పన్నెండున్నర ఏళ్లు పట్టింది.

పైగా ఆ హైడ్రోజన్ ఎంత తేలికో, అంత చోటు తింటుంది. ఘనమీటరుకు సుమారు డెబ్బై కిలోలే తూగుతుంది. 15 టన్నులు పట్టాలంటే మన కాలనీల్లో తిరిగే పదివేల లీటర్ల నీళ్ల ట్యాంకర్లు ఇరవై ఒకటి వరసగా నిలబెట్టినంత చోటు కావాలి. అంత తొట్టె, మూడు రకాల ఇంజిన్లు, గాలిని చల్లార్చే యంత్రం, తిరిగి వచ్చేటప్పుడు కాలిపోకుండా కాచే కవచం, రెక్కలు, చక్రాలు, పైన టన్ను సరుకు, అన్నీ కలిపి మిగిలిన పది టన్నుల్లో ఇమడాలి. ధ్వనికి ఎనిమిది రెట్ల వేగంలో గాలిని ఎదురుగా ఆపితే దాని వేడి రెండువేల డిగ్రీలు దాటుతుంది. అదే గాలిని మైనస్ 183కు దించాలి, అదీ ఎగురుతూ, ఆగకుండా.

నిజం చెప్పాలంటే, కాగితం మీదున్న ఆ అంకెలతో అవతార్ కక్ష్య చేరి ఉండేదని నేను అనుకోవడం లేదు. మొదట 25 టన్నులు 40 అయ్యేవి, 40 కాస్తా 60 అయ్యేవి. టన్ను సరుకు అరటన్నుకు, ఆపైన ఇంకా కిందికి జారేది. కానీ ఏ గొప్ప యంత్రమూ తొలి కాగితంలో ఉన్నట్టు పుట్టలేదు. కట్టినవాళ్లు కట్టుకుంటూ తెలుసుకున్నారు. మన విమానానికి ఆ తప్పులు చేసే భాగ్యమైనా దక్కలేదు. పగిలిన తొట్టె అమెరికాకు మిగిలింది. మనకు పగలడానికి తొట్టే లేదు.

ఈ దుఃఖంలో మనం ఒంటరివాళ్లం కూడా కాదు. హోటోల్ మీద పనిచేసిన అలన్ బాండ్, ప్రభుత్వం చేయి వదిలేశాక 1989లో రియాక్షన్ ఇంజిన్స్ అనే సంస్థ పెట్టారు. వేడిగాలిని క్షణంలో చల్లార్చే యంత్రం కోసం ఆ సంస్థ ముప్పై ఏళ్లకు పైగా శ్రమించింది. 2019లో, ధ్వనికి అయిదు రెట్ల వేగంలో ఉండేంత వేడిగాలిని నేల మీద పంపి, ఆ యంత్రం పనిచేస్తుందని చూపించింది. 2024 అక్టోబరు 31న డబ్బు లేక మూతపడింది. అవతార్‌కు కావాల్సిన చల్లార్చే విద్యకు అతి దగ్గరగా వెళ్లినవాళ్లు వాళ్లే. వాళ్లకు పనిచేసిన యంత్రమైనా దక్కింది.

2001 తర్వాత మలుపులు త్వరత్వరగా వచ్చాయి. అన్నీ కిందికే. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురిని మోసుకుని వస్తున్న కొలంబియా, రెక్క అంచున పడ్డ చిల్లు వల్ల ఆకాశంలోనే చెదిరిపోయింది. ఆ ఉదయంతో రెక్కలున్న వ్యోమనౌక మీద ప్రపంచానికి నమ్మకం సడలింది. రాష్ట్రపతి భవన్‌లో అప్పుడున్నది కలాం. ఆయన ఈ కలను వదల్లేదు. 2010లో అమెరికాలోని నేషనల్ స్పేస్ సొసైటీతో కలిసి, అంతరిక్షంలో సౌరవిద్యుత్ పండించి భూమికి పంపే ఆలోచనను ముందుకు తెచ్చారు. దానికి చౌకగా పైకి వెళ్లివచ్చే వాహనం కావాలి. ఆ వెతుకులాట తిరిగి తిరిగి హైపర్‌ప్లేన్ దగ్గరకే చేరేది. 2015 జులై 27న షిల్లాంగ్‌లో విద్యార్థుల ముందు మాట్లాడుతూ ఆయన ఒరిగిపోయారు. ఆ డిసెంబరులోనే అమెరికాలో ఫాల్కన్-9 రాకెట్ తన తొలి అంచెను నిటారుగా నేల మీద దించుకుంది. రెక్కలు అక్కరలేదని, గాలిని పట్టనక్కరలేదని, మామూలు రాకెట్‌నే వెనక్కి దించుకోవచ్చని లోకానికి తెలిసిపోయింది. అవతార్ అడిగిన ప్రశ్నకు ఇంకొకరు ఇంకో జవాబు రాసేశారు.

చనిపోయినవారి వస్తువులు బంధువుల ఇళ్లకు చేరినట్టు, దాని భాగాలు తలోచోటికి వెళ్లాయి. 2016 మే 23న శ్రీహరికోట నుంచి ఇస్రో రెక్కల వాహనం ఎగిరింది. బరువు 1.75 టన్నులు. 65 కిలోమీటర్ల ఎత్తుకు వెళ్లి, ధ్వనికి అయిదు రెట్ల వేగంతో దిగి, 770 సెకన్లలో ప్రయాణం ముగించి బంగాళాఖాతంలో కలిసింది. ఆ ఆగస్టు 28న, అదే దీవి నుంచి, ఇస్రో హైడ్రోజన్ స్క్రామ్‌జెట్‌ను వెలిగించింది. అది మండింది అయిదు సెకన్లు. 2001లో వర్ణించిన మంట పదిహేనేళ్లకు అయిదు సెకన్లపాటు నిజమైంది. 2020 సెప్టెంబరు 7న, నెల్లూరు జిల్లా నుంచి వచ్చిన సతీశ్ రెడ్డి డీఆర్‌డీవో అధిపతిగా ఉండగా, హైదరాబాద్ శాస్త్రజ్ఞుల స్క్రామ్‌జెట్ వాహనం ధ్వనికి ఆరు రెట్ల వేగంతో ఇరవై సెకన్లకు పైగా పరుగెత్తింది. 2025 ఏప్రిల్‌లో హైదరాబాద్‌లోనే నేల మీద జరిపిన పరీక్షలో స్క్రామ్‌జెట్ దహన గది వెయ్యి సెకన్లు దాటి మండింది. ఆ మంట ఇక ఏ వ్యోమవిమానానికీ కాదు. వెళ్లి తిరిగిరాని క్షిపణికి. నూరుసార్లు వెళ్లిరావాలని పుట్టిన ఊహ, ఒక్కసారి వెళ్లి పేలిపోయే ఆయుధంలో నిలిచింది. దేశ రక్షణకు అది అవసరమే, కాదనను. అయినా మనసు ఒప్పుకోదు.

సాల్ట్ లేక్ సిటీ సభకు ఇరవై ఏళ్ల మీద ఒక్కరోజుకు, 2021 జులై 11న, మన తెలుగమ్మాయి బండ్ల శిరీష రెక్కలున్న నౌకలోనే అంతరిక్షం అంచుకు వెళ్లివచ్చింది. ఊరూవాడా పండుగ చేసుకున్నాం. ఆ నౌక అమెరికాది.

ఇప్పుడు ఆదిభట్ల సంగతి. గోపాలస్వామి ఆ సభలో మాట్లాడేనాటికి ఆదిభట్ల ఓ మెట్టసేద్యపు ఊరు. పక్కనే నాదర్‌గుల్‌లో చిన్న విమానాల రన్‌వే ఒకటి ఉంది, అంతే. తర్వాత ప్రభుత్వం అక్కడ ఏరోస్పేస్ సెజ్‌కు చోటిచ్చింది. 2010 నుంచి సికోర్‌స్కీ ఎస్-92 హెలికాప్టర్ల క్యాబిన్లు టాటా కర్మాగారం నుంచి వెళ్లడం మొదలైంది. లాక్‌హీడ్ మార్టిన్‌తో కలిసి సీ-130జే తోకభాగాలు చేశారు. బోయింగ్‌తో కలిసి కట్టిన కర్మాగారం 2018 మార్చి 1న తెరుచుకుంది. ఆ జూన్‌కే తొలి అపాచీ యుద్ధ హెలికాప్టర్ ఫ్యూజలేజ్ అక్కడి నుంచి బయల్దేరింది. ఎఫ్-16 ఫైటర్ రెక్కలూ వచ్చాయి. కాలం చేసిన చిత్రం చూడండి. అవతార్ వైపు తలుపులు మూసిన ఆ నిషేధ జాబితా నుంచి భారత్ డైనమిక్స్‌నూ డీఆర్‌డీఎల్‌నూ తొలగించింది 2011 జనవరిలో. అప్పటికి ఆదిభట్లలో అమెరికా హెలికాప్టర్ల భాగాలు తయారవుతున్నాయి.

ఆ పని దగ్గరనుంచి చూడదగ్గది. ఇద్దరు కలిసి చేసే పనది. పలచని అల్యూమినియం రేకును చట్రానికి తాత్కాలిక క్లిప్పులతో బిగిస్తారు. ఒకరు డ్రిల్లుతో కన్నం వేస్తారు. ఆ కన్నం అంచున లేచే సన్నని లోహపు పొరను గీకి తీసేస్తారు. అది మిగిలితే ఏళ్ల తర్వాత పగులు అక్కడే మొదలవుతుంది. తర్వాత సీలెంట్ రాసి రివెట్ దూరుస్తారు. ఒకరు ముందునుంచి గన్‌తో కొడుతుంటే, ఇంకొకరు వెనకనుంచి ఇనుపదిమ్మె ఆనించి పట్టుకుంటారు. ఇద్దరి చేతులూ ఒకే లయలో ఆడాలి. వెనకున్నవారు కనబడకపోయినా చెవితోనే తెలుసుకోవాలి, ఎప్పుడు ఆపాలో. ఆ పిల్లల్లో చాలామంది ఐటీఐలు, పాలిటెక్నిక్‌లు చదివి వచ్చినవాళ్లు. అలాంటి వేల రివెట్లు ఒక దేహమవుతాయి. దాన్ని పెట్టెలో పెట్టి సముద్రాలు దాటిస్తారు. అక్కడ ఇంజిన్ అమరుస్తారు, ప్రాణం పోస్తారు. ఎగిరినప్పుడు చూడటానికి ఈ చేతులు అక్కడ ఉండవు.

ఈ పిల్లల శ్రమను నేను చిన్నబుచ్చడం లేదు. 1988లో మనకు కొరవడింది సరిగ్గా ఈ చేతులే. అనుకున్న రేకును అనుకున్న మందంలో వంచి, వెంట్రుక వాసి తేడా లేకుండా బిగించి, అదే పనిని వందోసారీ అంతే శ్రద్ధగా చేయగల చేతులు అప్పుడు మన ప్రయోగశాలల చుట్టూ ఎక్కువ లేవు. ఇప్పుడున్నాయి. వీటికి అందే డ్రాయింగ్ మాత్రం ఇంకా బయటినుంచే వస్తోంది. రెక్క మందం ఎంతుండాలో, తోక కోణం ఎంతుండాలో, ఎందుకుండాలో వేరే చోట నిర్ణయమై వస్తుంది. అడగాల్సిన ఆ చివరి ప్రశ్నను, అంటే ఎందుకు అన్నదాన్ని, ఒకప్పుడు ఇక్కడికి అరగంట దూరంలోనే కొందరు అడిగారు. వాళ్లూ వీళ్లూ ఒక్క కాలంలో కలిసి ఉంటే ఒక చల్లార్చే యంత్రమో, ఒక తొట్టో, కనీసం ఒక పగిలిన తొట్టో మనకు మిగిలేది.

అవతార్‌కు స్మారకం ఎక్కడా లేదు. నమూనా లేదు కాబట్టి మ్యూజియంలో పెట్టడానికీ లేదు. ఉన్నదల్లా కాగితమే. 1988 నాటి పత్రం, 2001 నాటి ప్రసంగం, పేటెంటు వివరాలు, ఆ తర్వాతి వ్యాసాలు. బహిరంగంగా అచ్చయినవే ఇవన్నీ. రహస్య పత్రాల సంగతి వేరు, వాటి చోటు వాటికుంది.

కాబట్టి కంచన్‌బాగ్, సంతోష్‌నగర్, చంపాపేట ప్రాంతాల్లో ఉంటున్న విశ్రాంత ఇంజినీర్లకూ వారి పిల్లలకూ ఒక మనవి. మీ ఇళ్లలో, బీరువాల పైన, మంచాల కింద, పాత సదస్సుల సంచికలు, అచ్చయిన వ్యాసాల ప్రతులు, చేత్తో లెక్కలు కట్టుకున్న నోటు పుస్తకాలు ఉండవచ్చు. ఇల్లు మారేటప్పుడో, పెద్దాయన పోయాకో, వాటిని తూకానికి వేయకండి. ఇబ్రహీంపట్నం, ఆదిభట్ల చుట్టూ ఇంజినీరింగ్ కాలేజీలకు కొదవ లేదు. బయటపెట్టదగ్గవి ఏవో చూసుకుని, ఆ కాలేజీల్లో ఏదో ఒకదాని గ్రంథాలయానికి ఇవ్వండి.